మాల తీసిన రోజు

జంషెడ్‌పూర్ మాంగో పేటలో దిగి పైడిబాబు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. "బరఫ్‌వాలా ఇల్లు" అంటే మాత్రం గోళీలాడుకునే పిల్లలు కూడా వేలు చూపిస్తారు. ఐసుగడ్డలు అమ్ముకునే మనిషి కాబోలనుకుని వెళ్ళినవాళ్ళకి గుమ్మంలోనే సంగతి తెలిసిపోతుంది. ఎదురుగోడ మీద, దేవుడి పటాలకంటే జానెడు ఎత్తులో ఒక ఫోటో ఉంటుంది. ఎర్రటి బిగుతు బట్టలు తొడుక్కుని, కాళ్ళకి రెండు పొడుగాటి పలకలు బిగించుకుని, నడుం వంచి తెల్లటి కొండవాలు మీద దూసుకుపోతున్న మనిషి. ఏడాది పొడుగునా ఇనుము కాగే ఊరు జంషెడ్‌పూర్. ఆ ఊళ్ళో పుట్టి, మంచు మీద పందెం గెలిచిన తెలుగువాడు నాకు తెలిసి ఇతనొక్కడే. గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతే. కానీ ఈ కథలో గొప్పతనం తొందరగానే అయిపోతుంది, మిగతాది వినడానికి కాస్త గుండె చిక్కబట్టుకోవాలి.

తండ్రి అప్పలసూరి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, కొలిమి దగ్గర కాంట్రాక్టు కూలీగా చేరి, అక్కడే ఒళ్ళు గుల్ల చేసుకుని పోయాడు. తల్లి సింహాచలమ్మ ఇడ్లీపిండి రుబ్బి వీధివీధికీ అమ్మి కొడుకుని పెంచింది. కొడుక్కి చదువు ఒంటబట్టలేదు. సువర్ణరేఖ నది గట్టు మీద, వానకి నానిన బంకమట్టిలో రేకుముక్క వేసుకుని జారడం ఒంటబట్టింది. రోజూ చీరుకుపోయిన మోకాళ్ళతో ఇంటికొచ్చేవాడు. "ఒరే, నీకు అన్నం కన్నా అయోడిన్ ఖర్సు ఎక్కువయిపోతన్నాదిరా" అని తల్లి తిట్టేది.

రాంచీలో సైన్యం భర్తీకి వెళ్ళి, పరుగులో ముందొచ్చి, సిపాయి అయ్యాడు. రెండేళ్ళు తిరక్కుండా కశ్మీరు కొండల మీదికి పంపారు. మొదటిసారి మంచు చూసి, చేతిలోకి తీసుకుని, నాలిక మీద పెట్టుకుని, ఉప్పు లేదని నవ్వాడట. చలికాలం శిక్షణలో స్కీలు కాళ్ళకి బిగించి వాలు మీద నిలబెడితే కొండ ప్రాంతపు కుర్రాళ్ళే కూలబడుతుంటే, ఈ మాంగో కుర్రాడు పడకుండా అడుగుదాకా వచ్చేశాడు. రేకుముక్క చదువు అక్కరకొచ్చింది. సుబేదార్ నేగి అనే గఢ్వాలీ ఉస్తాదు అతన్ని పక్కకి లాగి పందెం జట్టులో వేసుకున్నాడు.

స్కీ పందెమంటే వాలు పొడుగునా ఎర్ర జెండా, నీలం జెండా పాతుతారు. ఒక్కొక్కడే ఒక్కో జెండా పక్కనుంచీ మెలితిరుగుతూ దిగాలి. ఆ పనిలో నేగి జట్టుకి ఒక ఆచారం ఉంది. ముందు దిగినవాడు గీత దాటగానే, ఊపిరి తీసుకోవడం కన్నా ముందు, వైర్‌లెస్ సెట్టు అందుకుని పైన నిలబడ్డ తనవాళ్ళకి దారి చెప్పాలి. ఏ జెండా దగ్గర మంచు గట్టిపడి అద్దమైపోయిందో, ఎక్కడ గుంట పడిందో, ఎక్కడ వేగం చంపుకోవాలో చెప్పాలి. పడిపోయినవాడైతే మరీ ముఖ్యం, పడ్డచోటునుంచే చెప్పాలి. పడ్డానని సిగ్గుపడి నోరు మూసుకుంటే వెనకొచ్చేవాడి నడుం విరుగుతుంది. పైడిబాబు మొదటిసారి పడి, మొహం దాచుకుంటుంటే నేగి సెట్టులో అరిచాడు. "గిరా? కోయీ బాత్ నహీ. కహా గిరా, యే బతా." పడితే పడ్డావు, ఎక్కడ పడ్డావో అది చెప్పు అని.

ఆ మాట పట్టుకునే పైడిబాబు జట్టులో పేరు తెచ్చుకున్నాడు. జాతీయ పోటీల్లో ఒక ఏడు కంచు, మరో ఏడు బంగారం. ఇరాన్ కొండల మీద జరిగిన పందానికి విమానమెక్కి వెళ్ళి, పెద్ద పెద్ద దేశాలవాళ్ళ మధ్య ఎక్కడో వెనకాల నిలిచినా, గుండెల మీద దేశం పేరు కుట్టిన చొక్కాతో తిరిగొచ్చాడు. ఆ చొక్కా చూసే కల్యాణి పెళ్ళికి ఒప్పుకుందని మాంగో ఆడవాళ్ళు ఏడిపించేవాళ్ళు. కల్యాణి అప్పటికే ఓ నర్సింగ్ హోంలో ఆయాగా చేస్తోంది. "సొక్కా కాదర్రా, ఆ సిగ్గు మొహం సూసి ఒప్పుకున్నాను" అనేది.

పెళ్ళైన మరుసటి చలికాలం, సాధన చేస్తుండగా అతను పడిన తీరులో స్కీ కాలినుంచి ఊడలేదు. పలక ఒకవైపు, మోకాలు ఇంకోవైపు తిరిగాయి. ఆపరేషన్ బాగానే చేశారు. డాక్టర్లు ఇచ్చిన బిళ్ళలు కొన్నాళ్ళకి ఆపెయ్యమన్నారు కూడా. పైడిబాబే ఆపలేదు. నొప్పి లేదని అబద్ధం చెప్పి, మళ్ళీ వాలెక్కాలన్న ఆత్రంతో, బజార్లో దొంగతనంగా బిళ్ళలు కొనుక్కుని మింగాడు. ఒకటి చాలనప్పుడు రెండు. అవి చాలనప్పుడు సూది. ఆ ఏడు అర్హత పందెంలో మూడో జెండా కూడా దాటలేకపోయాడు. నేగి చేతిలో చెయ్యేసి ఏమైందిరా అనడిగితే, మోకాలు ఉస్తాద్ అన్నాడు. ఎక్కడ పడ్డాడో చెప్పకపోవడం అదే మొదలు.

మోకాలి లోపం రాసి సైన్యం పంపించేసింది. జంషెడ్‌పూర్ వచ్చిపడ్డాక, జుగ్సలాయి గోదాముల వెనక సందులో కాగితం పొట్లాల్లో మత్తు దొరుకుతుందని తెలియడానికి అతనికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఇలాంటి విషయాలకి దారి ఎవరూ చూపించనక్కర్లేదు, కాళ్ళే వెతుక్కుంటాయి. స్కీలు పోయాయి. కల్యాణి చెవి కమ్మలు పోయాయి. చివరికి అమ్మ పిండి రుబ్బే యంత్రం మోటారు కూడా పోయింది. ఆ రోజు సింహాచలమ్మ ఏడవలేదు, తిట్టలేదు. రోలు ముందు కూర్చుని చేత్తో రుబ్బడం మొదలుపెట్టింది. అది చూసి పైడిబాబుకి చచ్చిపోవాలనిపించింది, అయినా సాయంత్రానికి మళ్ళీ జుగ్సలాయి ఆటో ఎక్కాడు.

అలాంటప్పుడు గోవిందరావు గురుస్వామి వాళ్ళింటికొచ్చాడు. క్రేను నడిపి రిటైరైన మనిషి, ఏటా కార్తీకంలో మన తెలుగువాళ్ళకి అయ్యప్ప మాల వేసి, ఇరుముడి కట్టించి, టాటానగర్‌లో రైలెక్కించి శబరిమల తీసుకెళ్ళి తెచ్చే పెద్దమనిషి. మంచివాడే, అందులో పేచీ లేదు.

"మాల ఎయ్యమ్మా సింహాచలం. మిగతాది సామి సూసుకుంటాడు. నా సేత్తో ఎంతమంది తాగుబోతులు మారినారో నీకు తెల్దేటి?" అన్నాడు.

మాలలో ఉన్నన్నాళ్ళూ మారేవాళ్ళు, నిజమే. మాల తీసిన సాయంత్రమే సారాభట్టీ దగ్గర తేలేవాళ్ళు ఎందరో కూడా గోవిందరావుకి తెలుసు. మండలం పాటైనా ఇల్లు చల్లగా ఉంటుంది కదా అని ఆయన లెక్క. సారా సంగతిలో ఆ లెక్క ఫరవాలేదు. సూది సంగతిలో అదే లెక్క ప్రాణం మీదికొస్తుందని ఆయనకి తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పలేదు.

పైడిబాబు నల్లబట్ట కట్టాడు. తల్లి కొడుకుని "సామీ" అని పిలవడం మొదలుపెట్టింది. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, కటికనేల మీద పడక, ఒంటిపూట భిక్ష. మందు అందక ఒళ్ళు ఎదురు తిరిగింది. ఆవులింతల మీద ఆవులింతలు, ముక్కూ కళ్ళూ ధార, ఎముకల్లో రంపం పెట్టి కోస్తున్నట్టు నొప్పి. మూడోనాటి సాయంత్రం గుళ్ళో పడిపూజ. మెట్లమీద కర్పూరాలు వెలిగాయి, భజన ఊపందుకుంది. పైడిబాబుకి ఒళ్ళంతా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పళ్ళు కటకటలాడాయి. నిలబడ్డవాడు నిలబడ్డట్టే వెనక్కి విరుచుకుపడి, కాళ్ళు తన్నుకుంటూ చెమటలు కక్కాడు.

"పూనకం! సామి పూనినాడు!" అని ఎవరో కేక వేశారు.

ఇంకేముంది! ఉత్తరాంధ్ర జనానికి పూనకం కొత్తా? ఒకరు పసుపునీళ్ళు గుమ్మరించారు, ఒకరు నిమ్మకాయ కోశారు, ఒకరు వెలుగుతున్న కర్పూరం నోటిదగ్గరకి తెచ్చారు. "ఏటి గావాల సామీ? ఎవులి మీద కోపం?" అని అడిగారు. పైడిబాబు పళ్ళబిగువున "ఒగ్గీండి నన్ను, ఒగ్గీండి" అని ఏడ్చాడు. స్వామి దయతలచి దిగిపోతానంటున్నాడని వాళ్ళు మరింత గట్టిగా శరణుఘోష చేశారు. కడుపులో మెలితిప్పుతున్న ఆ క్షణంలో కూడా పైడిబాబుకి స్పష్టంగా ఒకటి తెలుసు. ఇది దేవుడు కాదు, మందు. చెప్పేద్దామని తల తిప్పితే, తల్లి చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, కొడుకు పాదాల దగ్గర నేల మీద పడి ఉంది. చెప్పలేకపోయాడు.

వారం తిరక్కుండా వణుకు తగ్గింది. తగ్గదా మరి, ఒళ్ళు విరుచుకుని విరుచుకుని దానంతటదే సర్దుకుంటుంది. మాంగోలో మాత్రం స్వామి మహిమగా మారుమోగిపోయింది. పైడిబాబు చేతి విభూతి కోసం తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని వచ్చారు. నిన్నటిదాకా దొంగోడి తల్లి అని మొహం తిప్పుకున్నవాళ్ళే సింహాచలమ్మకి కూర్చోడానికి పీట వేశారు. ముసలామె ముఖంలో అంత వెలుగు కొడుకు పతకం తెచ్చిననాడు కూడా లేదు. పైడిబాబు అది చూసుకుంటూ విభూతి పెట్టాడు. శబరిమల వెళ్ళాడు, వచ్చాడు. దేవుడి ముందు తల్లి తన చేతులతో మాల తీసి, కొడుకు తల నిమిరింది.

ఆ సాయంత్రమే అతను జుగ్సలాయి వెళ్ళాడు. ఒక్కసారి, ఇదే ఆఖరు అనుకుని, ఎప్పటి మోతాదే తెచ్చుకుని దొడ్లో స్నానాల గదిలో గడియ పెట్టుకున్నాడు.

డ్యూటీ నుంచి వచ్చిన కల్యాణి తలుపు విరగ్గొట్టించి చూసేసరికి పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగిపోయాయి. ఊపిరి లేదు. నర్సులు చెయ్యగా చూసినదాన్ని గుర్తు తెచ్చుకుని, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదింది. ఆటోలో కూడా ఊదుతూనే ఉంది. వంతెన మీద బళ్ళు నిలిచిపోయి ఉంటే సింహాచలమ్మ దిగి, అడ్డొచ్చిన ప్రతి బండినీ చేత్తో బాదుతూ, హిందీలో తెలుగులో తిడుతూ దారి చేయించింది. ఆస్పత్రిలో సూదిమందు ఇచ్చాక పైడిబాబు కళ్ళు తెరిచాడు. అతను చూసిన మొదటి దృశ్యం, కల్యాణి మూతి వాచిపోయి ఉండడం.

డాక్టరు కుర్రవాడు, హిందీలో విడమరిచి చెప్పాడు. రోజులతరబడి మానేసిన ఒళ్ళు పాత మోతాదు మోయలేదు. ముందు కూలికి బరువెత్తినవాడు, ఏడాది మంచాన పడి లేచి, లేచిననాడే అంత బరువూ ఎత్తబోతే ఏమవుతుందో అదే అవుతుంది. మానినవాళ్ళలో పోయేవాళ్ళు ఎక్కువగా ఇలాగే పోతారు. నాలిక కింద పెట్టుకునే బిళ్ళ ఒకటి ఉంది, రోజూ వచ్చి వేసుకుంటే ఆ గుంజుడు తగ్గుతుంది, ఎన్నాళ్ళని అడక్కండి అన్నాడు.

ఇంటికొచ్చాక సింహాచలమ్మ వీధిలో అందరికీ కామెర్లని చెప్పింది.

పైడిబాబు బాగుపడిన కథ వినడానికి రుచిగా ఉండదు. రోజూ పొద్దున్నే ఆస్పత్రి వరసలో నిలబడ్డం, నర్సు ఎదుట బిళ్ళ కరిగేదాకా నోరు మూసుకుని కూర్చోడం, ఆ తర్వాత టాటానగర్ దగ్గర ఓ గోదాముకి పగటి కాపలా. మోకాలు సలుపుతుంది. ఒక్కోరోజు ఆటోలో జుగ్సలాయి మలుపు రాగానే గుండె కొట్టుకునే చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది. అప్పుడు కల్యాణికి ఫోను చేసి ఏదో ఒకటి మాట్లాడతాడు, కూరేం వండావని అడుగుతాడు. "బెండకాయ, మావా. ఫోను పెట్టీకు, మాటాడతా ఉండు" అంటుంది ఆమె. పడిపోయిన రోజులూ లేకపోలేదు. మళ్ళీ లేచి వరసలో నిలబడేవాడు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. గౌరీదేవి అని, ఇచ్ఛాపురం వైపు ఆవిడ, రెండు వీధుల అవతల ఉంటుంది. భర్త లేడు. కొడుకు జయప్రకాష్ ఆటో తోలేవాడు, సూదికి చిక్కి ఆటో పోగొట్టుకున్నాడు. గౌరీదేవి సరాసరి సింహాచలమ్మ దగ్గరికొచ్చి కొంగు పట్టుకుంది.

"నీ కొడుకుని బాగుసేసిన సామే నా కొడుకునీ సూడాలమ్మా. మాల ఏయించీసినాను. నీ నోటితో ఒక్కసారి మంచి మాట అనీయమ్మా."

సింహాచలమ్మ అంది. "సామి సల్లగా సూత్తాడే, బెంగెట్టుకోకు" అంది. లోపలి గదిలో ఉన్న పైడిబాబు ఆ మాట విన్నాడు.

గౌరీదేవి వెళ్ళాక బయటికొచ్చి, "అమ్మా, ఆడికి సెప్పాల. మాల తీసినాక ఏటవుద్దో సెప్పాల. గురుసామికీ సెప్పాల" అన్నాడు.

"ఏటి సెప్తావు? పూనకం దొంగదనా? కామెర్లు అబద్ధమనా?"

"ఔను."

సింహాచలమ్మ లేచి వచ్చి, కొడుకు చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. "నా మీద ఒట్టు. ఈ వీధిలో మళ్ళీ తలెత్తుకుని తిరగతన్నాను. బతికినన్నాళ్ళు బతకను నాను, ఆ నాలుగు రోజులూ ఉండనీరా. ఆ గుంటడు బాగుపడతాడు. అందరికీ నీలాగే అవ్వాలనేటి?"

ఒట్టు కట్టిపడేసింది. ఊరుకోలేకా చెప్పలేకా పైడిబాబు సగం పని చేశాడు. ఓ మధ్యాహ్నం గుడి అరుగు మీద కూర్చున్న జయప్రకాష్‌ని పక్కకి పిలిచి, "సామీ, మాల తీసినాక ఆ జోలికి ఎల్లకు. అస్సలు ఎల్లకు" అన్నాడు.

జయప్రకాష్ నవ్వాడు. నల్లబట్టల్లో చిక్కి, గడ్డం పెరిగి, కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. "కుఛ్ నహీ హోగా భయ్యా. ఆప్ కో దేఖ్ కే హీ తో హిమ్మత్ ఆయీ హై" అన్నాడు. ఏం కాదన్నా, మిమ్మల్ని చూసే కదా ధైర్యం వచ్చింది అని.

నాకు ఊపిరాగిపోయిందిరా, పెదాలు నల్లబడిపోయాయిరా అని ఒక్కమాట అంటే సరిపోయేది. పైడిబాబుకి కళ్ళముందు తల్లి నెత్తి మీద తన చెయ్యే మెదిలింది. జాగర్త అని మాత్రం అని వచ్చేశాడు. జాగర్త అన్న మాట ఎవరికి అక్కరకొస్తుంది? ఎక్కడ అద్దమైపోయిందో చెప్పకుండా వాలు మీద జాగర్త అంటే సరా?

శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రోజున గుడి నిండా జనం. గౌరీదేవి ఏడుస్తూ నవ్వుతూ కొడుకు మెడలో మాల తీసింది. పైడిబాబు స్తంభం పక్కన నిలబడ్డాడు. ఇప్పుడైనా, ఇప్పుడైనా అని గొంతు దాకా వచ్చింది. ఆడవాళ్ళ వైపునుంచి తల్లి చూపు అతన్నే పట్టుకుని ఉంది. జయప్రకాష్ వచ్చి పైడిబాబు పాదాలకి దండం పెట్టాడు. పైడిబాబు వంగి లేవనెత్తాడు.

పొద్దు వాలకముందే కబురొచ్చింది. జుగ్సలాయి సందులో గోడకి జారగిలబడి కూర్చున్నట్టే కూర్చుని పోయాడని. పక్కన ఊదేవాళ్ళు లేరు.

సువర్ణరేఖ ఒడ్డున మంట ఆరేదాకా పైడిబాబు అక్కడే ఉన్నాడు. అతని ఒళ్ళు ఆ పొగవాసనలో కూడా మందే అడిగింది. అంత నీచమైనది ఆ కోరిక. కల్యాణి అతని చొక్కా వెనక గుప్పిట్లో పట్టుకుని, ఇల్లు చేరేదాకా వదల్లేదు. పరామర్శకి సింహాచలమ్మ వెళ్తే గౌరీదేవి గుండెలు బాదుకోవడం ఆపి, ఆమె మొహంలోకి చూసింది.

"నీ కొడుకుని సూసే ఏసినాను గదమ్మా మాల. నాను ఏటి తప్పు సేసినాను? ఏ మడి తప్పినాను? సెప్పవే" అని అడిగింది.

సింహాచలమ్మ ఏం చెప్పిందో ఎవరికీ తెలీదు. ఇంటికొచ్చి స్నానం చేసి పొయ్యి ముట్టించింది. ఆ తర్వాత విభూతి కోసం ఎవరొచ్చినా మావోడు లేడని గుమ్మంలోనుంచే పంపించేసేది. పీటలు వేసి పిలిచే ఇళ్ళకి వెళ్ళడం మానేసింది. ముసలామె మొహం కళ తప్పింది, పిండి పుల్లబడిపోతున్నా పట్టించుకునేది కాదు.

వానాకాలంలో ఒక పొద్దున్న, పైడిబాబు ఆస్పత్రికి బయల్దేరుతుంటే చెప్పులు అందిస్తూ, "ఆవేళ గుళ్ళో నీ మీదకొచ్చింది ఏట్రా?" అని అడిగింది.

"మందు లేక వణికినానమ్మా."

"నాకు తెల్సు." ఆమె నేల వైపు చూస్తూ అంది. "అంతకుముందు ఇంటికాడ అలగే వణికితే నానే కదా దుప్పటి కప్పినాను. ఆ ముక్కు కారడం, ఆ కాళ్ళు తన్నుకోడం, తల్లిని, నాకు తెల్దేటి? తెల్సే నీ కాళ్ళ మీద పడ్డాను. అందరూ సామి అంటన్నారు, సామే అయితే బాగున్ను అనుకున్నాను."

పైడిబాబు చెప్పులు పక్కన పెట్టి గడప మీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ అమ్మ నమ్మకం విరిగిపోతుందని భయపడ్డాడు. విరగడానికి అక్కడ నమ్మకమే లేదు. తెలిసి తెలిసి ఇద్దరూ నోరు మూసుకున్నారు, మధ్యలో ఒకడు పోయాడు. అతనికి తల్లి మీద కోపం వచ్చింది, జాలి వచ్చింది, రెంటికన్నా ఎక్కువగా తన మీద అసహ్యం వేసింది. నేగి గొంతు చెవిలో మోగింది. కహా గిరా, యే బతా.

ఆ ఏడు కార్తీకంలో మాల వేసుకున్నవాళ్ళలో ఆదిబాబు అనే వెల్డర్ ఉన్నాడు. వాడిది కూడా సూదే. పెళ్ళాం రీనా చంటిబిడ్డనెత్తుకుని భజనకి రోజూ వచ్చేది. మాల తీసే రోజున పైడిబాబు పొద్దున్నే ఆస్పత్రిలో బిళ్ళ వేసుకుని ఇంటికొచ్చి, గుడికి బయల్దేరాడు. ఒట్టూ గిట్టూ లేదు, ఇవాళ చెప్పేస్తానని కల్యాణితో అన్నాడు. వీధి మలుపులో వెనకనుంచి చెప్పుల చప్పుడు వినపడింది. సింహాచలమ్మ. పండక్కి కట్టే చీర కట్టుకుంది.

"నువ్వెందుకమ్మా?"

"నడు" అంది.

గుళ్ళో హారతి అయింది. ఆదిబాబు తల్లి మాల తియ్యడానికి చేతులు చాపింది. పైడిబాబు ముందుకి అడుగు వేసేలోగా సింహాచలమ్మ ఆడవాళ్ళ వరసలోంచి లేచి, గోవిందరావు ఎదుట నిలబడింది.

"గురుసామీ, మాల తియ్యకముందు నానొక మాట సెప్పాల."

"మంచిదమ్మా, సెప్పు" అన్నాడాయన, ఆశీర్వాదం ఇస్తుందేమోనని.

"ముందటేడు నా కొడుకు మీదకొచ్చింది సామి కాదు. మందు లేక వణికినాడు. నాకు ఆవేళే తెల్సు. మాల తీసిన సాయంకాలం మళ్ళీ అదే పొడుసుకుని దొడ్లో సచ్చిపడున్నాడు. కామెర్లు కాదు. నా కోడలు నోట్లో ఊపిరూది బతికించినాది. రోజూ ఆస్పత్రిలో బిళ్ళ ఏసుకుంటన్నాడు, అందుకే నిలబడున్నాడు. మాల తియ్యండి, వొద్దనను. తీసినాక ఆడ్ని ఒంటరిగా ఒగ్గకండి, రేపే ఆస్పత్రికి అట్టుకెళ్ళండి."

ఎవరో అపచారం అని గొణిగారు. ఎవరో ముసలిదానికి మతి పోయిందన్నారు. గోవిందరావు చేతిలో హారతి పళ్ళెం అలాగే ఉండిపోయింది. ఆయన పైడిబాబు వైపు చూశాడు, పైడిబాబు అవునన్నట్టు తలూపాడు. పెద్దాయన కళ్ళు చెమర్చాయి, పళ్ళెం కింద పెట్టేశాడు.

వెనక, గోడ దగ్గర కూర్చున్న గౌరీదేవి మెల్లిగా లేచింది. కొడుకు పోయాక ఆమె గుడికి రావడం అదే మొదలు. జనం తప్పుకుని దారిచ్చారు. సింహాచలమ్మ దగ్గరికొచ్చి నిలబడింది.

"ఈ మాట పోయినేడు సెప్పుంటే నా కొడుకు బతికుండేవోడు గదే, సింహాచలం."

"ఔనమ్మా, బతికుండేవోడు" అంది సింహాచలమ్మ.

గౌరీదేవి చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. సింహాచలమ్మ ఆమె వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయింది. పైడిబాబు తల్లి భుజం పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత రీనాని, ఆదిబాబుని దగ్గరికి రమ్మని, తను ఎక్కడ, ఎలా పడిపోయాడో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.